మస్జిదు కుళాయి నుంచే మొదలుపెడదాం

శుక్రవారం మధ్యాహ్నం జుమా అజాన్ అయిన తరువాత మీ మస్జిదు వుజూఖానా దగ్గర ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడండి. వరుసగా పదో ఇరవయ్యో కుళాయిలు. ప్రతి కుళాయి ముందూ ఒక సోదరుడు. చేతులు కడుక్కోవటానికి తిప్పిన కుళాయి కాళ్లు కడుక్కోవటం పూర్తయ్యేదాకా ఆగదు. పుక్కిలిస్తున్నంత సేపూ అది పారుతూనే ఉంటుంది. చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నంత సేపూ పారుతూనే ఉంటుంది. తలకు మసహ్ చేసుకోవటానికి కావలసింది అరచేతులు తడిసేటంత నీరు. ఆ కాస్త సేపట్లోనే ఓ చెంబెడు నీళ్లు మోరీ పాలవుతాయి. మధ్యలో పక్కవారితో నాలుగు మాటలు కలిస్తే ఇక చెప్పేదేముంది!

ఇప్పుడు మస్జిదు గేటు దాటి వీధిలోకి రండి. ఎండాకాలమైతే చాలా మొహల్లాల్లో ట్యాంకర్ కోసం బిందెలు బారులు తీరి ఉంటాయి. ఆ బిందెల వెనుక ఎండలో నిలబడ్డది మన ఇళ్ల ఆడవారే. లోపల ధారాళంగా వుజూ చేస్తున్న సోదరుని తల్లో, భార్యో, చెల్లెలో కూడా ఆ వరుసలో ఉండవచ్చు. గోడకు ఒక పక్క నీరు పారిపోతోంది. మరో పక్క రెండు బిందెల కోసం తోపులాట జరుగుతోంది.

పర్యావరణ పరిరక్షణ అనగానే మనకు పెద్ద పెద్ద విషయాలు స్ఫురిస్తాయి. కరిగిపోతున్న మంచుకొండలు, పెద్ద దేశాల పొగగొట్టాలు, అంతర్జాతీయ సభలు. వాటి విషయంలో మనబోటి వారం చేయగలిగింది తక్కువేనని సరిపెట్టుకుంటాం. లేదంటే ఏడాదికోసారి మొక్క నాటి, ఫోటో దిగి, ఆ మొక్కకు మరునాడు నీళ్లెవరు పోస్తారన్నది మరచిపోతాం. మొక్కలు నాటవద్దని కాదు. మొక్క నాటినవాని చెట్టు నుంచి మనిషిగానీ, పశువుగానీ, పక్షిగానీ తింటే అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. కాని రోజుకు ఐదుసార్లు మన చేతికింద జరిగే పని ఒకటుంది. దానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, చందాలూ పెద్దగా అక్కర్లేదు. అదే వుజూ నీటి పొదుపు.

వుజూకు ఎంత నీరు కావాలన్నది మన ఊహకు వదిలేసిన విషయం కాదు. మహాప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారనీ, ఒక సా మొదలుకొని ఐదు ముద్‌ల వరకు నీటితో గుసుల్ చేసేవారనీ హజ్రత్ అనస్ (రజి) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఈ హదీసు ఉంది. ముద్ అంటే సగటు మనిషి దోసిలి నిండితే ఎంతో అంత. నాలుగు ముద్‌లు ఒక సా. నేటి లెక్కలో ముద్ సుమారు ముప్పావు లీటరు అవుతుంది. హనఫీ ఉలమాల లెక్క ప్రకారం కొంచెం ఎక్కువ, లీటరుకు దగ్గరగా ఉంటుంది. ఏ లెక్క తీసుకున్నా మనం బస్సెక్కేటప్పుడు కొనుక్కునే నీళ్ల సీసా ఒకటి వుజూకు చాలు. నాలుగు సీసాల నీరుంటే గుసుల్ కూడా అయిపోతుంది.

ఇంత తక్కువ నీరు ఎలా సరిపోతుందన్న సందేహం మనకే కాదు, తొలి తరాల వారికీ వచ్చింది. గుసుల్ గురించి అడిగిన కొందరితో హజ్రత్ జాబిర్ (రజి) ఒక సా చాలునన్నారు. అందులో ఒకాయన నాకు చాలదన్నాడు. నీకంటే ఒత్తయిన జుత్తు గలవారికీ, నీకంటే శ్రేష్ఠులైనవారికీ అది సరిపోయేదని జాబిర్ (రజి) బదులిచ్చారు. ఆ శ్రేష్ఠులెవరో వేరే చెప్పాలా? ఈ సంఘటన కూడా బుఖారీలో ఉన్నదే.

పొదుపు పేరుతో అవయవాలు పొడిగా వదిలేయమని ఎవరూ అనటం లేదు. తొందరపడి మడమలు సరిగా తడపనివారిని ప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. అలాగే ఒక పల్లెవాసి వచ్చి వుజూ గురించి అడిగినప్పుడు ఒక్కొక్క అవయవాన్ని మూడేసిసార్లు కడిగి చూపించి, దీనికి మించి చేసినవాడు హద్దుమీరినట్లేనని కూడా తెలియజేశారు. అంటే పూర్తిగా తడవాలి, మూడుసార్లకు మించరాదు. ఈ రెండు హద్దుల మధ్య వుజూ చక్కగా ఇమిడిపోతుంది. నీరు ఎంత ఎక్కువ పోస్తే అంత శుభ్రం, అంత పుణ్యం అన్న భావన మనలో ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, సున్నత్ నుంచి మాత్రం రాలేదు.

మన పెద్దల కాలంలో ఈ సమస్య ఇంతగా లేదు. పాత మస్జిదుల్లో హౌజ్ ఉండేది. హైదరాబాదు మక్కా మస్జిదు ఆవరణలోని హౌజ్ చూడనివారు తక్కువ. హౌజ్ గట్టున కూర్చుని దోసిలితో నీరు తీసుకునేవారు. వాడిన నీరు తిరిగి హౌజ్‌లో పడకుండా గట్టు కింద చిన్న కాలువ ఉండేది. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల హౌజ్ నీటికి పారే నీటి హుకుమే వర్తిస్తుందని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. దహ్ దర్ దహ్ అని పెద్దవాళ్లు అనేవారే, అది ఇదే. హౌజ్ లేని చిన్న ఊళ్లలో కొమ్ము ఉన్న బద్నాలు బారుగా పెట్టి ఉండేవి. ముఅజ్జిన్ సాబ్ బావి నుంచి చేది వాటిని నింపేవారు. బద్నాలో నీరు అయిపోయేలోపు వుజూ ముగించాలి. లేకపోతే మళ్లీ తోడుకోవాలి. పాత్ర ఖాళీ అవుతుంటే చెయ్యి దానంతటదే జాగ్రత్త పడుతుంది. కుళాయికి ఆ గుణం లేదు. బోరు వచ్చింది, మోటారు వచ్చింది, మేడమీద ట్యాంకు వచ్చింది. హౌజ్‌లు చాలాచోట్ల పూడ్చేసి కార్పెట్ పరిచేశాం. సౌకర్యం పెరిగింది, కాదనలేం. మోకాళ్ల నొప్పులున్న వృద్ధులకు కుళాయి ముందు కట్టిన పీట ఎంతో మేలు చేసింది. కాని కొలత మాత్రం చేజారిపోయింది.

కావాలంటే ఒక చిన్న లెక్క వేద్దాం. మీ మస్జిదు కుళాయి కింద 10 లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూడండి. నిమిషంన్నరలో నిండిందనుకుందాం. వుజూకు 2 నిమిషాలు పట్టే మనిషి కుళాయి ఆపకపోతే 13 లీటర్లు పోయినట్లు. వాటిలో ఒంటికి తగిలినవి ఒకటో రెండో లీటర్లు. సరే, అంత వద్దు. మనిషికి 5 లీటర్లే వృథా అయ్యాయనుకుందాం. జుమాకు 1000 మంది వచ్చే మస్జిదులో ఆ ఒక్క పూట 5000 లీటర్లు పోయాయి. హైదరాబాదు వీధుల్లో తిరిగే మామూలు ట్యాంకర్ పట్టేది సరిగ్గా అంతే నీరు. బయట బిందెలు పట్టుకుని ఎదురుచూస్తున్నవారికి రావలసిన ట్యాంకర్ లోపల వుజూఖానా మోరీలోంచి వెళ్లిపోయిందన్నమాట.

ఇక ఆ నీరు ఎక్కడిదో కూడా చూడండి. 1562లో ఇబ్రాహీం కులీ కుతుబ్ షా కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ తవ్వించారు. ఇప్పుడు దాని నీరు నోట్లో పోసుకోగలమా? 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది మందిని పొట్టన పెట్టుకున్న తరువాత, మళ్లీ అలాంటి విపత్తు రాకుండా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపటమే కాక ఊరి దాహం కూడా అవి తీర్చాయి. ఊరు పెరిగింది, అవి చాలలేదు. 2004 నుంచి కృష్ణా నీరు, 2015 తరువాత గోదావరి నీరు నూరేసి కిలోమీటర్ల దూరం నుంచి పెద్ద పెద్ద మోటార్లతో ఎత్తిపోసి తెచ్చుకుంటున్నాం. కుళాయి తిప్పి వదిలేస్తే నీటితో పాటు కరెంటు కూడా మోరీలోకి పోతున్నట్లే లెక్క.

హైదరాబాదుకు కనీసం రెండు నదులున్నాయి. అనంతపురం జిల్లాలో ఏడాది వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ తరాల తరబడి మనుషుల పళ్లను, ఎముకలను పాడుచేసింది. అక్కడి పల్లెల్లో మంచినీటి బిందె విలువ ఏమిటో మనం చెప్పనక్కరలేదు. పొరుగున చెన్నై నగరంలో 2019 వేసవిలో నీరందించే నాలుగు పెద్ద చెరువులూ ఎండిపోయి, హోటళ్లు సైతం మూతపడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఈ మాట ఎత్తినప్పుడు వినిపించే జవాబు ఒకటుంది. మా మస్జిదు బోరు మాది, మోటారు మాది, కరెంటు బిల్లు మేమే కడుతున్నాం, ఎవరికి నష్టం అంటారు. బోరు మనదే, కాని బోరు అడుగున ఉన్న నీరు మనది కాదు. మన బోరు లాగేది పక్కింటి బావి కింది నీటినే. నీరు, పచ్చిక, నిప్పు, ఈ మూడింటిలో అందరూ భాగస్థులేనని దైవప్రవక్త (స) ప్రబోధించారు. భూగర్భ జలం ఒకరి సొంతం కాదని మన చట్టాలు కూడా గుర్తిస్తూ వస్తున్నాయి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాల్టా చట్టం బోర్ల తవ్వకానికి హద్దులు పెట్టింది కదా! ఆ పక్కింటివారు ముస్లిములు కాకపోవచ్చు. పొరుగువారి హక్కుకు ఆ తేడా లేదు.

ఇక ఇబాదత్ కోసం వాడే నీటికి దుబారా ఏమిటనే వారూ ఉన్నారు. హజ్రత్ సఅద్ (రజి) వుజూ చేస్తుండగా ప్రవక్త (స) అటుగా వెళుతూ ఈ దుబారా ఏమిటని అడిగారనీ, వుజూలో కూడా దుబారా ఉంటుందా అని ఆయన ఆశ్చర్యపోతే, పారే నది ఒడ్డున ఉన్నా సరే ఉంటుందన్నారనీ ఇబ్నె మాజాలో ఉంది. ఈ హదీసు పరంపర బలహీనమైనదని పలువురు ముహద్దిసులు అభిప్రాయపడ్డారు. అయినా వుజూ నీటిలో మితిమీరడం మంచిది కాదన్న విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం లేదు. తినండి, తాగండి, మితిమీరకండి అన్న భావం దివ్య ఖుర్ఆన్‌లో సూటిగానే ఉంది.

మరి ఏం చేయాలి? ఇంటి నుంచే ప్రారంభించవచ్చు. రేపు ఫజర్‌కు లీటరు సీసా ఒకటి నింపి పెట్టుకోండి. కుళాయి ముట్టకుండా దానితోనే వుజూ చేసి చూడండి. పిల్లలున్న ఇంట్లో ఇదొక పందెంలా సాగుతుంది. ఎవరి సీసాలో ఎన్ని నీళ్లు మిగిలాయో అమ్మీ చూసి చెబుతుంది. వుజూ ఫర్జులు, సున్నతులు పిల్లలకు నేర్పటానికి కూడా ఇంతకంటే మంచి మార్గం ఉండదు. ఎందుకంటే ఏ అవయవానికి ఎంత నీరు పడుతుందో వాళ్లకు కంటికి కనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఇబ్బందిగా ఉంటుంది. తరువాత చెయ్యి అలవాటు పడుతుంది. అప్పుడు కుళాయి దగ్గరికి వెళ్లినా ఆ అలవాటు పోదు. పుక్కిలించేటప్పుడు, మిస్వాక్ చేసేటప్పుడు, మసహ్ చేసేటప్పుడు కుళాయి కట్టేయటమే సగం పొదుపు.

ఇళ్లలో నీటి వాడకం చాలావరకు స్త్రీల చేతిమీదుగా సాగుతుంది. నిజానికి ఈ విషయంలో వారికి కొత్తగా చెప్పవలసింది లేదు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు, బట్టలు జాడించిన నీళ్లు వాకిలి కడగటానికి మన తల్లులు ఏనాటి నుంచో వాడుతూనే ఉన్నారు. నేర్చుకోవలసింది మగవాళ్లం.

మస్జిదులో చేయవలసిన పని మూడు నాలుగు వేల రూపాయల ఖర్చుతో కూడా మొదలవుతుంది. మొట్టమొదట కారే కుళాయిల వాషర్లు మార్చాలి. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి తెల్లవారేసరికి బకెట్ సగం నింపుతుంది. తరువాత ప్లంబరును పిలిచి వుజూఖానాకు వచ్చే పైపు వాల్వును కాస్త బిగించమనాలి. ధార సన్నబడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఆశ్చర్యమేమిటంటే చాలామంది తేడా కూడా గమనించరు. డబ్బు సమకూరినప్పుడు నొక్కితే కాసేపు వచ్చి దానంతటదే ఆగిపోయే కుళాయిలు బిగించవచ్చు. అయితే వీటిలో నాసిరకం కొంటే ఏడాదికే పాడై నిరంతరం కారుతుంటాయి. అప్పుడు అసలుకే మోసం. వాటికంటే పాత తిప్పుడు కుళాయే నయం. ఓ మూలన నాలుగు బద్నాలు పెట్టడం కూడా మరచిపోకండి. వాడేవారు వాడతారు.

ఇంకొంచెం శ్రద్ధ ఉంటే వాడిన నీటి సంగతి కూడా ఆలోచించవచ్చు. వుజూ నీటిలో సబ్బు ఉండదు, నూనె ఉండదు. వంటింటి నీటికంటే అది ఎంతో శుభ్రం. వుజూకు వాడిన నీరు మళ్లీ వుజూకు పనికిరాదు గాని, ఆ నీరు అపవిత్రం కాదన్నది హనఫీ మజ్‌హబ్‌లోనూ స్థిరపడిన మాట. అంటే మొక్కలకు పోయవచ్చు, మరుగుదొడ్లలో వాడవచ్చు, ఇంకుడు గుంతలోకి మళ్లించవచ్చు. చిక్కల్లా మన వుజూఖానా కాలువను తీసుకెళ్లి మరుగుదొడ్ల పైపులో కలిపేయటమే. కొత్తగా మస్జిదు కట్టేటప్పుడు, లేదా వుజూఖానాకు టైల్స్ మార్చేటప్పుడు ఒక పైపు విడిగా వేస్తే సరిపోతుంది. తాగునీటి బావికి దూరంగా గుంత తీసి, అడుగున రాళ్లు, పైన కంకర, ఇసుక వేస్తే నీరు భూమిలోకి దిగుతుంది. ఆ కాలువలో పాన్, గుట్కా ఉమ్మే సోదరులు ఈ ఒక్క విషయంలో దయ తలిస్తే వడపోత కూడా తేలికవుతుంది.

మస్జిదు పైకప్పు సంగతి వేరే చెప్పాలి. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. 200 చదరపు మీటర్ల కప్పు మీద 1,60,000 లీటర్లు పడతాయి. ఆవిరైందీ, చెదిరిందీ పావు వంతు తీసివేసినా 24 ట్యాంకర్ల నీరు మిగులుతుంది. అల్లాహ్ తన గృహం మీద కురిపించిన ఈ కారుణ్యాన్ని మనం గొట్టం పెట్టి మరీ రోడ్డు మీదికి వదిలేస్తున్నాం.

ఇవేవీ ఎవరూ చేయని వింతలు కావు. మురుగునీటిని రంగు, రుచి, వాసన పోయేలా పూర్తిగా శుద్ధి చేస్తే దాన్ని వాడుకోవచ్చని సౌదీ అరేబియా ఉలమా మండలి 1978లోనే అభిప్రాయపడింది. మనం అడుగుతున్నది అంత దూరం కూడా కాదు, మొక్కలకు పోయటం వరకే. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 2019లో తెరిచిన మస్జిదులో వాన నీటిని పట్టి మరుగుదొడ్లకు, తోటకు వాడుతున్నారు. ఇండోనేషియా రాజధాని జకార్తాలోని ఇస్తిఖ్లాల్ మస్జిదు ప్రపంచంలోని పెద్ద మస్జిదులలో ఒకటి. కొన్నేళ్ల క్రితం దాన్ని మరమ్మతు చేసినప్పుడు సన్నని ధారనిచ్చే కుళాయిలు, నీటిని తిరిగి వాడుకునే ఏర్పాటు, సౌర విద్యుత్ పలకలు అమర్చారు. 2022లో ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఒకటి పర్యావరణహిత భవనంగా ధ్రువపత్రం ఇచ్చింది. ప్రార్థనాలయాల్లో ఆ ధ్రువపత్రం అందుకున్న మొదటిది అదే. వారికి నిధులున్నాయి నిజమే. కాని వాల్వు బిగించటానికి నిధులెందుకు?

చెప్పే తీరు కూడా ముఖ్యం. యువకులు ఉత్సాహంగా వెళ్లి వుజూ చేస్తున్న పెద్దాయన కుళాయి కట్టేసి హదీసు చెబితే పని చెడుతుంది. ఒక పల్లెవాసి మస్జిదె నబవీలోనే మూత్రం పోస్తే సహాబాలు మండిపడ్డారు. ప్రవక్త (స) వారిని వారించి, అతణ్ణి పూర్తి చేయనిచ్చి, అక్కడ ఒక బొక్కెన నీళ్లు పోయించి, తరువాత మృదువుగా బోధించారు. ముందు ఇమామ్ సాబ్‌తో మాట్లాడండి. జుమా ఖుత్బాకు ముందు బయాన్‌లో ఐదు నిమిషాలు ముద్ గురించి చెప్పమని కోరండి. సదర్ సాబ్‌కు బకెట్ లెక్క చూపించండి. కరెంటు బిల్లు, ట్యాంకర్ బిల్లు ముందు పెడితే కమిటీ వారు చెవి ఒగ్గి వింటారు! వుజూఖానా గోడమీద పెద్ద అక్షరాలతో తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయించవచ్చు గాని, గోడమీది రాతలు పదిరోజుల తరువాత ఎవరూ చదవరు.

రమజాన్‌లో ఈ పని రెట్టింపు అవసరం. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ ఎత్తాక మిగిలే సగం తాగిన నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, నురుగు పళ్లేలు ఏ మస్జిదు వెనుకనైనా గుట్టగా కనిపిస్తాయి. దారిలోని హానికర వస్తువు తొలగించటం ఈమాన్‌లోని ఒక శాఖ అని నేర్చుకున్న సమాజం మనది. స్టీలు గ్లాసులు ఒక వంద కొంటే అవి ఏళ్ల తరబడి పనికొస్తాయి. కడిగేదెవరన్నదే అసలు ప్రశ్న. తిన్నవారు ఎవరి గ్లాసు వారు కడిగితే ఆ ప్రశ్న ఉండదు. వలీమా విందుల దుబారా గురించి రాయాలంటే మరో శుక్రవారం కావాలి.

చివరగా డబ్బు మాట. చనిపోయిన తల్లిదండ్రుల పేరిట మస్జిదుకు ఏదైనా ఇవ్వాలని చాలామంది అనుకుంటారు. ఇప్పటికే నాలుగున్నచోట ఐదో గోడగడియారం, ఆరో ఫ్యాను వస్తాయి. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తల్లి మరణించినప్పుడు ఏ దానం శ్రేష్ఠమని ఆయన అడిగితే, నీరు అని ప్రవక్త (స) సమాధానమిచ్చారు. ఆయన తల్లి పేరిట బావి తవ్వించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని యజమాని నుంచి కొని అందరికీ వదిలేశారు. ఈ రోజుల్లో బావి తవ్వించే స్తోమత అందరికీ ఉండదు. పైకప్పు నుంచి దిగే ఒక పైపు, ఒక ఇంకుడు గుంత, పది మంచి కుళాయిలు ఇవ్వగలవారు మాత్రం ప్రతి మొహల్లాలో ఉన్నారు. గుంత తీసే పని మృగశిర కార్తెకు ముందే పూర్తి చేయించాలి. వానలు మొదలయ్యాక తవ్వితే గోడలు కూలి, పెట్టిన ఖర్చు మళ్లీ పెట్టవలసి వస్తుంది.